డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ: కాగితాలు చూపమని అడిగిన ప్రభుత్వోద్యోగి

మానుకోట స్టేషనులో బండి ఎక్కి డోర్నకల్, ఖమ్మం మీదుగా బెజవాడ వెళ్లని పెన్షనరు మన సంఘంలో ఒక్కరూ ఉండరనుకుంటాను. బదిలీలకు, కోర్టు పనులకు, పిల్లల సంబంధాలకు, వైద్యానికి మనకు ఆ మార్గమే దిక్కు. బయ్యారం వాళ్లమైన మాకు గార్ల, గుండ్రాతిమడుగు స్టేషన్లు దగ్గర. ఆ పట్టాలు ఇంకా పడకముందు, 1883లో, ఆ రైలు పథకం వివరాలను ప్రజల ముందు పెట్టమని హైదరాబాదులో ఒక ప్రభుత్వోద్యోగి అడిగారు. అడిగినందుకు ఆయనను కొలువు నుంచి తప్పించి, రాజ్యం పొలిమేర దాటించారు. ఆయనే డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ.

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు మొదట తోచిన పేరు ఇదే. సరోజినీ నాయుడు గారి తండ్రిగా ఆయన చాలామందికి తెలుసు. నిజాం కళాశాల చరిత్ర తెలిసినవారికి ప్రిన్సిపాలుగా తెలుసు. కాని ఆయన జీవితంలో మన వంటి వారికి, అంటే ఏళ్ల తరబడి ఫైళ్ల మధ్య బతికిన గుమాస్తాలకు, బాగా అర్థమయ్యే ఘట్టం మరొకటి ఉంది. దానిని గురించే నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

చదువు, హైదరాబాదు రాక

అఘోరనాథ్ గారు 1851లో తూర్పు బెంగాలులోని బిక్రంపూర్ ప్రాంతంలో జన్మించారు. అది ఢాకాకు దగ్గర, నేటి బంగ్లాదేశ్‌లో ఉంది. సంస్కృత పండితుల వంశం. ఢాకాలో స్కూలు చదువు, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పై చదువు అయ్యాక గిల్‌క్రైస్ట్ స్కాలర్‌షిప్పు మీద స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ రసాయనశాస్త్రంలో బహుమతులు పొంది, 1877లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టం అందుకున్నారు. మన దేశస్థులలో ఆ పట్టం పొందిన తొలివారిలో ఆయన ఒకరు. బ్రహ్మసమాజ భావాలు ఆయనకు చిన్ననాటి నుంచే అబ్బాయి. భార్య వరదాసుందరీ దేవి గారు కూడా విద్యావంతురాలు, పద్యాలు రాసేవారు.

1878లో స్వదేశం వచ్చిన వెంటనే నిజాం ప్రభుత్వం ఆయనను హైదరాబాదుకు పిలిపించింది. అప్పుడు ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్. 1853 నుంచి దివాన్ పదవిలో ఉండి, అస్తవ్యస్తంగా ఉన్న ఖజానాను, రెవెన్యూ పద్ధతిని దారిలో పెట్టినవాడు. జిల్లాలు, తాలూకాలు, తాసిల్దార్లు, మనం సర్వీసులో చూసిన వ్యవస్థకు పునాదులు చాలావరకు ఆయన వేసినవే. పరిపాలన నడపడానికి చదువుకున్నవారు కావాలి. బయటి రాష్ట్రాల నుంచి పెద్ద చదువులవారిని ఆయన ఏరికోరి తెచ్చుకున్నాడు. ఆ వరుసలో వచ్చిన అఘోరనాథ్ గారు ఇంగ్లీషు మాధ్యమంలో హైదరాబాదు కాలేజీని నెలకొల్పి నడిపారు. తర్వాత 1887లో ఆ కాలేజీనే మరో విద్యాసంస్థతో కలిపి నిజాం కాలేజీ చేశారు. ఆడపిల్లల చదువు కోసం కూడా ఆ దంపతులు పాటుపడ్డారు. 1879 ఫిబ్రవరి 13న వారి పెద్ద కుమార్తె సరోజిని హైదరాబాదులోనే పుట్టింది.

ఆయన ఇల్లు ఎప్పుడూ జనంతో నిండి ఉండేదట. పండితుడు, ఫకీరు, విద్యార్థి, ఉద్యోగి అన్న తేడా లేకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టేవారు. రసాయనశాస్త్రవేత్త కదా, పరుసవేది విద్య మీద కూడా మక్కువ ఉండేది. రాగిని బంగారం చేస్తామని వచ్చినవారిని కూడా కూర్చోబెట్టి విని, ఆ ప్రయోగాల మీద డబ్బు ఖర్చు పెట్టేవారు. ఈ ఇంటి కబుర్లలో దేశ విషయాలు, రాజ్య విషయాలు దొర్లేవి. హైదరాబాదులో చదువుకున్నవారు ఒకచోట చేరి ప్రభుత్వ వ్యవహారాలను గురించి మాట్లాడుకునే అలవాటు ఇలాంటి ఇళ్లలోనే మొదలైంది.

చాందా రైలు పథకం

అప్పటికి నిజాం ప్రభుత్వానికి సొంతంగా ఉన్న రైలు మార్గం ఒక్కటే. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో వేసినది. దానిని తూర్పుగా వరంగల్లు మీదుగా బెజవాడ వరకు పొడిగించాలని, ఒక శాఖను ఉత్తరాన చాందా వైపు, అంటే నేటి చంద్రపూర్ వైపు వేయాలని పథకం తయారైంది. 1870ల మొదట్లోనే ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు ప్రభుత్వ భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ కనుగొన్నారు. ఆ బొగ్గు బయటికి రావాలంటే రైలు కావాలి. కాబట్టి పథకం అవసరమా కాదా అన్నదానిలో పెద్ద పేచీ లేదు. పేచీ షరతుల్లో ఉంది.

షరతులను మన ఖజానా భాషలో చెప్పుకుందాం. మార్గం వేసేది లండనులో ఏర్పడే కంపెనీ. దాని పెట్టుబడి మీద 20 సంవత్సరాలపాటు నూటికి 5 వంతున వడ్డీ వస్తుందని నిజాం ప్రభుత్వం హామీ ఇస్తుంది. అంటే వంద రూపాయల పెట్టుబడికి ఏడాదికి 5 రూపాయలు ఖాయం. రైలు మీద 2 రూపాయలే మిగిలితే తక్కిన 3 రూపాయలు నిజాం ఖజానా కట్టాలి. ఏమీ మిగలకపోతే 5 రూపాయలూ కట్టాలి. లాభం వస్తే వాటాదారులది, నష్టం వస్తే రైతు కట్టే శిస్తుది. ఇంత బరువు 20 ఏళ్లు మోయవలసింది తెలంగాణ, మరాఠ్వాడా రైతులు. వారిలో తెలుగు రైతుకు ప్రభుత్వ కాగితం భాషే తెలియదు. ఆ రోజుల్లో దఫ్తరు భాష పారసీ. తర్వాత కొద్దికాలానికి ఉర్దూ అయింది.

ఈ మాటలన్నీ నడుస్తుండగా 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ కలరా సోకి హఠాత్తుగా మరణించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి మైనరు. 1884 ఫిబ్రవరిలో గాని ఆయనకు అధికారాలు రాలేదు. మధ్యలో రాజ్యం నడిపినది పెద్దల మండలి. దాని పక్కన రెసిడెన్సీ ఉండనే ఉంది. యజమాని చిన్నవాడు, ఇల్లు చక్కదిద్దే పెద్ద దివాణం పోయాడు, సరిగ్గా ఆ సమయంలోనే రాజ్యం మీద 20 ఏళ్ల బాకీ పడబోతున్నది.

అప్పుడు హైదరాబాదు నగరంలోని చదువుకున్నవారు కొందరు కలిసి ఒక కమిటీగా ఏర్పడ్డారు. అందులో ముందు నిలిచినవారు అఘోరనాథ్ గారు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు. అబ్దుల్ ఖయ్యూం గారు మద్రాసు నుంచి వచ్చిన పండితుడు. తర్వాతి కాలంలో ఆసఫియా గ్రంథాలయ స్థాపనకు, హైదరాబాదులో కాంగ్రెసు భావాల వ్యాప్తికి పాటుపడ్డవారు. బెంగాలీ బ్రాహ్మణుడు, మద్రాసు ముస్లిం కలిసి తెలంగాణ రైతు ఖజానా కోసం నిలబడ్డారు. అది ఆనాటి హైదరాబాదు గొప్పతనం.

ఈ కమిటీ రైలు వద్దనలేదు. పథకం వివరాలు, ఒప్పందం షరతులు ప్రజలకు వెల్లడి చేయమన్నది. జనం వాటిని చదివి చర్చించిన తర్వాతే ప్రభుత్వం ఒక నిర్ణయానికి రావాలన్నది. నేడు మన పిల్లలకు ఇది చాలా మామూలు కోరికగా కనబడుతుంది. కాని 1883లో, ఒక సంస్థానంలో, ప్రజలు ప్రభుత్వాన్ని లెక్క చెప్పమనడం కొత్త సంగతి. హైదరాబాదు రాజ్యంలో ఒక ప్రజా సమస్య మీద జరిగిన తొలి ఆందోళనగా చరిత్రకారులు దీనిని లెక్కిస్తారు.

ఫలితం వెంటనే కనిపించింది. 1883 మేలో అఘోరనాథ్ గారిని సస్పెండు చేసి, నిజాం రాజ్యం విడిచి పొమ్మన్నారు. అప్పటికి సరోజినికి నాలుగేళ్లు. ఆమె తర్వాతి తమ్ముడు వీరేంద్రనాథ్ ఇంకా చిన్నవాడు. ఆ కుటుంబానికి హైదరాబాదులో జీతం తప్ప వేరే ఆధారం లేదు. భూములు లేవు, బంధుబలం లేదు. నెల జీతం మీద బతికిన మనకు ఆ ఇంటి పరిస్థితి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. సస్పెన్షను ఉత్తర్వు అందుకున్న నాటి రాత్రి ఏ ఉద్యోగి ఇంట్లో అయినా పొయ్యి ఎలా వెలుగుతుందో మన తరంలో చాలామంది చూశారు.

తేదీలను ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఆయనను పంపించినది మేలో. లండను కంపెనీతో ఒప్పందం కుదిరినది అదే సంవత్సరం డిసెంబరులో. నడుమ ఏడు నెలల వ్యవధి ఉంది. అంటే ఆయన అడిగినప్పుడు కాగితం మీద సంతకం పడలేదు, షరతులు మార్చుకోవడానికి వీలున్నది. అయిపోయిన పని గురించి అడిగేవాడితో ఏ ప్రభుత్వానికీ పెద్ద ఇబ్బంది లేదు. కాబోయే పని గురించి వేళకు అడిగేవాడే ఇబ్బంది. అందుకే ఆయన మీద అంత తొందరగా చర్య తీసుకున్నారని నేను అనుకుంటాను.

లండనులో తెరుచుకున్న ఫైళ్లు

రైలు వచ్చింది. వరంగల్లు దాటి, మానుకోట, డోర్నకల్ మీదుగా, 1889లో బెజవాడ చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లందు బొగ్గు గనులకు శాఖ పడింది. చాందా వైపు మార్గం మాత్రం అప్పట్లో పడనే లేదు. కాజీపేట నుంచి బల్లార్షా వరకు అది పూర్తయ్యేసరికి 1929 వచ్చింది. ఏ పేరుతో పథకం ప్రసిద్ధమైందో ఆ మార్గానికి 46 ఏళ్లు పట్టిందన్నమాట. కంపెనీ చేతిలోని రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వం తిరిగి తన స్వాధీనంలోకి తీసుకున్నది.

రైలు వల్ల మన ప్రాంతానికి మేలు జరిగిందన్నది నిజం. డోర్నకల్ జంక్షను అయింది, ఇల్లందు పట్టణమైంది, సింగరేణి పేరు దేశమంతా తెలిసింది. దానిని కాదనడం న్యాయం కాదు. కాని కాగితాలు మూసిపెట్టిన అలవాటు ఎక్కడికి దారి తీసిందో కూడా చూడాలి.

రైలు ఒప్పందం బేరం లండనులో నడిపిన నిజాం అధికారి సర్దార్ అబ్దుల్ హక్. ఆయన చేతి మీదుగానే 1886లో గనుల ఒప్పందం కూడా జరిగింది. నిజాం రాజ్యంలో ఖనిజాలు తవ్వుకునే హక్కును 99 సంవత్సరాలకు ఇద్దరు ఆంగ్లేయులకు ఇచ్చారు. వారు లండనులో హైదరాబాదు దక్కన్ కంపెనీ పెట్టారు. మూలధనం పది లక్షల పౌండ్లు, పదేసి పౌండ్ల వాటాలు లక్ష. అందులో 85,000 వాటాలు హక్కు సంపాదించినవారికే, పూర్తిగా సొమ్ము చెల్లించినట్టు లెక్క రాసి, ఇచ్చేశారు. ఆ వాటాలను తర్వాత బజారులో ఎక్కువ ధరకు అమ్ముకున్నారు. నిజాం ప్రభుత్వం చేత కూడా కొనిపించారు. తన గనుల మీద హక్కును తానే ఇచ్చి, ఆ హక్కులో వాటాను తానే డబ్బు పెట్టి కొనుక్కోవడం అన్నమాట.

ఈ సంగతి బయటపడి గోల కావడంతో 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఒక విచారణ సంఘాన్ని వేసింది. సాక్షులను పిలిచారు, ఉత్తరాలు తెప్పించారు, ఒప్పందాలు చదివారు, అన్నీ అచ్చువేశారు. అబ్దుల్ హక్ పదవి పోయింది. హైదరాబాదు రాజ్యం సొత్తు గురించిన కాగితాలు హైదరాబాదు ప్రజలు అడిగితే దొరకలేదు. అవి సముద్రం అవతల, లండనులో అచ్చయ్యాయి. రైలు పథకం నాడే కాగితాలు నలుగురి ముందు పెట్టే అలవాటు చేసుకుని ఉంటే, మూడేళ్ల తర్వాత గనుల ఒప్పందాన్ని అలా గుట్టుగా నడపడం అంత తేలిక అయ్యేది కాదని నా అభిప్రాయం.

అదే 1889లో, బెజవాడకు రైలు చేరిన సంవత్సరమే, బ్రిటిష్ ఇండియాలో అధికార రహస్యాల చట్టం మొదటిసారి వచ్చింది. దానిని 1904లో బిగించి, 1923లో తిరిగి రాశారు. మనం సర్వీసులో చేరినప్పుడు భయపడిన చట్టం ఈ 1923 నాటిదే. కాని లోకమంతా ఒకే తీరుగా లేదు. స్వీడన్ దేశంలో 1766లోనే ప్రభుత్వ కాగితాలు ప్రజలు చూడవచ్చునని శాసనం చేశారు. అఘోరనాథ్ గారిని హైదరాబాదు నుంచి పంపివేసే నాటికి ఆ శాసనానికి 117 ఏళ్లు.

తిరిగి రాక, తర్వాతి జీవితం

కొంతకాలానికి నిజాం ప్రభుత్వమే అఘోరనాథ్ గారిని తిరిగి పిలిచి విద్యాశాఖలో పని అప్పగించింది. ఆయన లేకుండా కాలేజీ నడవడం కష్టమని వారికి తెలిసివచ్చి ఉండాలి. తిరిగి వచ్చినంత మాత్రాన ఆయన నోరు కట్టుకుని కూర్చోలేదు. కాంగ్రెసు భావాలు, తర్వాత స్వదేశీ ఉద్యమం, ఆయన ఇంట్లో చర్చకు రాని విషయం లేదు. చివరకు ఈ కారణంగానే మరొకసారి హైదరాబాదు వదలవలసి వచ్చింది. గడువుకు ముందే పదవి విరమించి కలకత్తా చేరి, 1915 జనవరిలో అక్కడే కన్నుమూశారు.

పిల్లల సంగతి కూడా నాలుగు మాటలు రాయాలి. సరోజిని పన్నెండేళ్లకే మద్రాసు మెట్రిక్యులేషనులో నెగ్గి పేరు తెచ్చుకున్నది. తండ్రిని వెళ్లగొట్టిన ప్రభుత్వమే 1895లో ఆమెకు స్కాలర్‌షిప్పు ఇచ్చి ఇంగ్లండు పంపింది. 1898లో డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారితో ఆమెకు జరిగిన కులాంతర వివాహాన్ని మద్రాసులో మన కందుకూరి వీరేశలింగం పంతులు గారు జరిపించారు. 1925లో ఆమె కాంగ్రెసు అధ్యక్షురాలు, 1947లో ఉత్తరప్రదేశ్ గవర్నరు. వీరేంద్రనాథ్ విప్లవకారుడై విదేశాల్లో తిరిగి 1937లో రష్యాలో ప్రాణం కోల్పోయాడు. హరీంద్రనాథ్ కవి, నటుడు. హైదరాబాదులో ఆ కుటుంబం ఉన్న ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌ను సరోజిని కుమార్తె పద్మజా నాయుడు విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఆ ఇంట్లోనే మొదలైంది.

బయ్యారం వాడిగా నేను ఎందుకు రాస్తున్నాను

పథకాల కాగితాల విలువ మా బయ్యారం వాళ్లకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదేమో. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ పదమూడవ శతాబ్దంలో మా చెరువు తవ్వించింది. ఎవరు తవ్వించారు, ఎవరి వంశం, ఎవరి పుణ్యానికి అన్న వివరాలు రాయి మీద చెక్కించి చెరువు దగ్గర నిలబెట్టింది. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులు నేటికీ ఆ బయ్యారం శాసనాన్నే చూస్తారు. అది దఫ్తరు పెట్టెలో దాచిన కాగితం కాదు, దారిన పోయేవారందరికీ కనబడే రాయి.

అదే బయ్యారంలో ఇనుప ఖనిజం సంగతి చూడండి. మన ఉమ్మడి రాష్ట్రంలో మా ప్రాంతపు ఖనిజాన్ని ఎవరికి కేటాయించాలన్న దాని మీద ఉత్తర్వులు వచ్చాయి, రద్దయ్యాయి, మళ్లీ వచ్చాయి. ఊళ్లో వారికి ఆ సంగతులు తెలిసినది పత్రికల్లో గొడవ అయ్యాకనే. 2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో, అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమా కాదా ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. 2016లో బయ్యారం మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. కర్మాగారం మాత్రం రాలేదు. ఖనిజంలో నాణ్యత చాలదన్న మాట కేంద్రం వైపు నుంచి పలుమార్లు వచ్చింది. అది నిజం కావచ్చు. కాని ఎక్కడెక్కడ తవ్వి చూశారు, ఇనుము ఎంత శాతం వచ్చింది, ఖర్చు ఎంత వేశారు అన్న లెక్కలు మా గూడేల్లో, తండాల్లో ఉన్న యువకుల చేతికి తెలుగులో అందితేనే వారికి నమ్మకం కలుగుతుంది. కర్మాగారం వస్తుందని ఆశ పెట్టుకుని పదేళ్లు గడిపిన పిల్లవాడికి, రాదన్నా సరే, కారణం చెప్పాలి కదా.

నేను రెవెన్యూ పనిలో ఉన్న రోజుల్లో ఒక ఆఫీసులో చూసిన సంగతి. కాలువ కోసం సర్వే జరిగింది. పొలంలో రాళ్లు పాతిన తర్వాత గాని తమ భూమి పోతున్నదని రైతులకు తెలియలేదు. మ్యాపు నకలు కోసం ఒక ముసలి రైతు నెలల తరబడి తిరిగాడు. ఫైలు పై ఆఫీసుకు వెళ్లిందని ఒకసారి, తిరిగి రాలేదని మరోసారి జవాబు చెప్పేవారు. నకలు అందేనాటికి కాలువ తవ్వడం మొదలైంది. కాలువ ఆ ఊళ్లకు మేలే చేసింది. ఆ రైతుకు మిగిలిన బాధ భూమి పోయినందుకు మాత్రమే కాదు. అడగడానికి వేళ ఉన్నప్పుడు తనకు ఎవరూ చెప్పలేదన్నది అతని బాధ.

ఆయన అడిగినది నేడు చట్టంలో ఉంది

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అక్టోబరు 12 నుంచి అమలయింది. దీని వెనుక రాజస్థాన్ పల్లెల్లో కూలీలు, రైతులు తమ ఊరి పనుల మస్టరు రోళ్లు చూపమని 1990లలో చేసిన పోరాటం ఉంది. ఈ చట్టం కింద దరఖాస్తు పెట్టి నకళ్లు తీసుకోవడం మనలో చాలామందికి తెలుసు. కాని 4వ సెక్షను సంగతి కొద్దిమందికే తెలుసు. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు తయారు చేసేటప్పుడు, నిర్ణయాలు ప్రకటించేటప్పుడు, వాటికి సంబంధించిన విషయాలన్నీ ప్రభుత్వం తనంత తానుగా వెల్లడి చేయాలని 4(1)(సి) చెబుతుంది. నిర్ణయం ఎవరి మీద పడుతుందో వారికి కారణాలు చెప్పాలని 4(1)(డి) చెబుతుంది. 1883లో హైదరాబాదు కమిటీ అడిగినది దాదాపు ఇదే. అప్పుడు అడిగినవారిని రాజ్యం దాటించారు, 122 ఏళ్లకు అడగకుండానే చూపాలని చట్టం అయింది.

ఇంకా కొన్ని దారులున్నాయి. గనికో కర్మాగారానికో పర్యావరణ అనుమతి కావలసి వచ్చి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు, 2006 నోటిఫికేషను ప్రకారం కనీసం 30 రోజుల ముందు తెలియజేయాలి. ముసాయిదా నివేదికను కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్తులో ఎవరైనా చూసుకోవచ్చు. సారాంశం స్థానిక భాషలో ఉండాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మొదటి నోటిఫికేషను వచ్చిన 60 రోజుల్లో అభ్యంతరాలు రాసి ఇవ్వవచ్చు. ఈ గడువులు దాటితే మన మాట ఫైలులో చేరదు. గడువు విలువ మనకంటే ఎవరికి తెలుసు?

సమాచార హక్కు దరఖాస్తుకు మన దగ్గర గ్రామ స్థాయిలో ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల కాగితం చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత రాష్ట్ర కమిషన్‌కు రెండవ అప్పీలు. చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ సజావుగా నడుస్తున్నాయని నేను అనడం లేదు. 2023 నుంచి 2025 వరకు మన రాష్ట్ర కమిషన్‌లో కమిషనర్లే లేక అప్పీళ్లు గుట్టలు పడ్డాయి. కుర్చీ ఖాళీగా ఉంటే చట్టం కూడా బీరువాలో ఫైలు లాంటిదే.

ఇక్కడ మన పెన్షనర్ల పని ఉంది. ఊళ్లో చదువుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు, కాని ఏ కాగితం ఏ సెక్షనులో ఉంటుందో, దానికి ఏ పేరుంటుందో వారికి తెలియదు. నోట్ ఫైలు వేరు, కరెంటు ఫైలు వేరు అని మనకు తెలుసు. సర్వే స్కెచ్చు ఎవరి దగ్గర ఉంటుందో, అంచనాల రిజిస్టరు ఎవరు రాస్తారో మనకు తెలుసు. వివరాలన్నీ కావాలని రాస్తే జవాబు రాదు, ఫలానా తేదీ ఫలానా నివేదిక నకలు కావాలని రాస్తే తప్పించుకోవడం కష్టం. ఈ తెలివి మనకు సర్వీసు ఇచ్చింది, పదవీ విరమణతో అది పోదు. నెలకు ఒక్క పూట పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చుని, వచ్చినవారికి దరఖాస్తు రాసి పెడితే చాలు. మెడికల్ బిల్లులో కోత పడిన మన తోటి పెన్షనరుకు కారణం అడిగి తెప్పించడం కూడా అదే పని.

అఘోరనాథ్ గారు కొలువులో ఉండగానే, చిన్న పిల్లలున్న సంసారం పెట్టుకుని, సంతకం పడకముందే అడిగారు. మనకు సస్పెన్షను భయం లేదు, బదిలీ భయం లేదు. ఒకటో తారీఖు పెన్షను మన హక్కు. ఆయన అంత భయంలో అడిగినది ఈ నిర్భయంలో మనం అడగకపోతే బాగుండదు. మండలంలో కొత్త రోడ్డో, గనియో, కాలువో వస్తున్నదని చెవిన పడిన నాడే దరఖాస్తు పెట్టండి. రాళ్లు పాతేదాకా ఆగవద్దు.

సీనియర్ అసిస్టెంటు (రిటైర్డ్), బయ్యారం